కర్తవ్యము - వైరాగ్యము: చీనా కవి సూ షీ జీవితం

మానవుడు లోకంలో నిలిచి లోకానికి ఉపకరించాలా? లేక లోకాన్ని విడిచి ఆత్మశాంతిని వెదకుకోవాలా? ప్రవృత్తి, నివృత్తి అనే పేర్లతో భారతీయులకు చిరపరిచితమైన ఈ ప్రశ్న ఒక్క దేశానికి మాత్రమే చెందినది కాదు. విచారశీలం గల ప్రతి జాతీ దీనిని తన మార్గంలో తాను ఎదుర్కొన్నది. ప్రాచీన చీనా దేశంలో ఇది రెండు మహామార్గాల రూపం ధరించింది. మొదటిది క్రీ. పూ. 551 - 479 నడుమ జీవించిన కన్ఫ్యూషియస్ ఉపదేశించిన ధర్మమార్గం. కుటుంబంలోను, సంఘంలోను, రాజ్యంలోను మనుష్యునికి గల విధులను అది బోధిస్తుంది. రెండవది లావోత్సు, చ్వాంగ్‌త్సు అనే జ్ఞానుల పేర్లతో ప్రసిద్ధమైన తావో మార్గం. ప్రకృతి యొక్క సహజప్రవాహంలో ఒదిగి, పదవీకీర్తుల బంధం నుంచి విడివడమని అది బోధిస్తుంది.

ఈ రెండు మార్గాల స్వభావాన్ని తెలిపే రెండు ప్రాచీన కథలు ఉన్నాయి. శిష్యులతో దేశసంచారం చేస్తున్న కన్ఫ్యూషియస్ ఒకనాడు నది దాటవలసివచ్చి, రేవు ఎక్కడో కనుగొని రమ్మని ఒక శిష్యుని పంపాడు. ఆ సమీపంలో ఇద్దరు ఏకాంతవాసులు పొలం దున్నుతున్నారు. వారు రేవు చూపలేదు సరికదా, చెడిన లోకాన్ని బాగుచేయబూనిన గురువును విడిచి తమవలె లోకానికి దూరంగా ఉండరాదా అని శిష్యునికే హితవు చెప్పారు. ఆ మాట విని కన్ఫ్యూషియస్ ఖిన్నుడైనాడు. మనుష్యుడై పుట్టినవాడు మనుష్యుల మధ్యనే ఉండక తప్పదనీ, లోకం చక్కగా ఉన్నట్లయితే తాను తిరుగవలసిన పనియే లేదనీ అతని అభిప్రాయం.

రెండవ కథలో చ్వాంగ్‌త్సు నది ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్నాడు. రాజ్యభారం వహించవలసిందని కోరుతూ చూ రాజు దూతలను పంపాడు. చ్వాంగ్‌త్సు గాలం విడువకుండానే వారిని ఒక ప్రశ్న అడిగాడు. చచ్చి రాజమందిరంలో పట్టువస్త్రాల నడుమ పూజలందుకునే తాబేలు మేలా, బ్రతికి బురదలో తోక ఆడించుకునే తాబేలు మేలా? బ్రతికిన తాబేలే మేలని దూతలు ఒప్పుకున్నారు. అయితే తనను బురదలోనే ఉండనిమ్మని చెప్పి అతడు వారిని పంపివేశాడు.

రెండు కథలలోను సత్యమున్నది. రెండింటిలోను ప్రమాదమూ ఉన్నది. వైరాగ్యం తోడులేని కర్తవ్యం క్రమంగా పదవీదాహంగా మారుతుంది. కర్తవ్యం తోడులేని వైరాగ్యం స్వసుఖానికి కప్పుకున్న శాలువ అవుతుంది. ఈ రెండూ ఒకే హృదయంలో పొరపొచ్చెం లేకుండా నిలువగలవా అనే ప్రశ్నకు సిద్ధాంతగ్రంథాలకన్న ఒక మనుష్యుని జీవితమే స్పష్టమైన సమాధానం చెబుతుంది. ఆ మనుష్యుడు సుంగ్ వంశపు చక్రవర్తుల కాలంలో 1037లో జన్మించి, 1101లో మరణించిన మహాకవి సూ షీ.

తల్లి చెప్పిన పాఠం, గురువు చూపిన త్రోవ

సూ షీ జన్మస్థానం చీనా దేశపు పశ్చిమభాగంలోని సిచ్వాన్ ప్రాంతానికి చెందిన మేషాన్. తండ్రి సూ శ్యున్, తమ్ముడు సూ జె ఇద్దరూ గొప్ప గద్యరచయితలు. ఎనిమిదేండ్ల ప్రాయంలో సూ షీ చేరిన పాఠశాల ఒక తావో మందిరంలో ఉండేది. అక్కడి గురువు జాంగ్ ఈజ్యన్ తావో మార్గానికి చెందిన పూజారి. అక్షరాభ్యాసకాలంలోనే అతనికి నివృత్తిమార్గపు గాలి సోకినది.

ఇంటివద్ద తల్లి చెప్పిన పాఠం మరొక విధమైనది. ఆమె ఒకనాడు కుమారునికి పూర్వచరిత్రలోని ఫాన్ పాంగ్ అనే రాజోద్యోగి వృత్తాంతం చదివి వినిపించింది. అన్యాయపరులైన అధికారులను ఎదిరించినందుకు ప్రాణం కోల్పోయిన ధీరుడతడు. అతని తల్లి కంట తడిపెట్టక, మంచిపేరుతో చనిపోతున్న కుమారుని దీవించి పంపింది. కథ విన్న బాలుడు, తాను ఫాన్ పాంగ్ వంటివాడనైతే తల్లి అనుమతిస్తుందా అని అడిగాడు. కొడుకు ఫాన్ పాంగ్ కాగలిగినప్పుడు తాను ఫాన్ పాంగ్ తల్లిని కాలేనా అని ఆమె సమాధానం.

యౌవనంలో చ్వాంగ్‌త్సు గ్రంథం చదివినప్పుడు, తన మనస్సులో మాటకందక నిలిచిన భావాలే ఆ పుటలలో దొరికినట్లు సూ షీకి తోచిందట. ఈ విధంగా రెండు విత్తనాలు ఒకే క్షేత్రంలో పడినవి. ఏది ముందు మొలకెత్తుతుందో, ఏది దేనిని అణచివేస్తుందో కాలమే తేల్చవలసివచ్చింది.

వరద ముందు నిలిచిన అధికారి

1057లో రాజధానిలో జరిగిన మహాపరీక్షలో సూ షీ ఉత్తీర్ణుడైనాడు. ప్రధాన పరీక్షకుడు ఔయాంగ్ శ్యూ ఆ కాలపు సాహిత్యనాయకుడు. పేర్లు మరుగుపరచిన పత్రాలలో ఒకటి మిక్కిలి శ్రేష్ఠంగా కనిపించింది. అది తన శిష్యుడు వ్రాసినదేమోనని శంకించి, పక్షపాతదోషం రాకూడదని అతడు దానికి రెండవ స్థానం ఇచ్చాడు. ఆ పత్రం సూ షీది.

1069 నుంచి మంత్రి వాంగ్ అన్‌షీ ప్రభుత్వవిధానాలలో పెనుమార్పులు తెచ్చాడు. రైతులకు ప్రభుత్వమే అప్పులిచ్చే పద్ధతి, నిర్బంధసేవకు బదులు ధనం వసూలు చేసే పద్ధతి మొదలైనవి వానిలో ముఖ్యమైనవి. ఉద్దేశం మంచిదైనా అమలులో ప్రజలు నలిగిపోతున్నారని సూ షీ చక్రవర్తికి విజ్ఞాపనలు వ్రాశాడు. ఫలితంగా రాజధానిలో నిలువలేక, 1071లో దూరమండలాలలోని ఉద్యోగాలకు వెళ్ళాడు. చీనా భాషలో ఊరి పేరు చివర వచ్చే ‘జో’ అనే మాటకు మండలమని అర్థం. హాంగ్‌జో, మీజో, షూజో అనే మండలాలలో అతడు వరుసగా పనిచేశాడు.

1077లో షూజోకు మండలాధికారిగా వచ్చిన కొలది నెలలకే పసుపునది గట్టు తెగి, వరద ఆ నగరాన్ని చుట్టుముట్టింది. ధనికులు నగరం విడిచి పారిపోసాగారు. వారు వెళ్ళిపోతే మిగిలిన జనం ధైర్యం సడలిపోతుందని సూ షీ గ్రహించాడు. తాను ఉన్నంతవరకు నీరు గోడ దాటనీయనని చెప్పి వారిని వెనుకకు మళ్ళించాడు. చక్రవర్తి సేనపై మండలాధికారికి ఆజ్ఞాపించే హక్కు లేదు. అయినా బురదలో నడిచి వారి శిబిరానికి వెళ్ళి సహాయం అర్థించాడు. అధికారియే బురద లెక్కచేయనప్పుడు తాము వెనుదీయడం తగదని సేనానాయకుడు తన సైనికులను గట్టు పనికి పంపాడు. సూ షీ కోటగోడమీదనే పాక వేసుకుని ఉన్నాడు. తన ఇంటి ముందు నుంచి పోతూ కూడా లోపలికి అడుగుపెట్టలేదు. నగరం నిలిచింది. తల్లి చెప్పిన పాఠం అతనిలో ఇట్లు ఫలించింది.

కారాగారం, ప్రవాసం, తూర్పువాలు

రెండేండ్లు తిరుగకముందే అతని కవిత్వమే అతనికి శత్రువైనది. కొత్త విధానాల వల్ల పల్లెజనం పడే బాధలు అతని పద్యాలలో వ్యంగ్యంగా చోటుచేసుకున్నవి. అవి రాజనింద క్రిందికి వస్తాయని విరోధులు అభియోగం తెచ్చారు. 1079లో సూ షీని బంధించి రాజధానికి తీసుకొనిపోయి, నాలుగు నెలలకు పైగా కారాగారంలో ఉంచి విచారించారు. మరణదండన తప్పదనుకుని తమ్మునికి వీడ్కోలు పద్యాలు వ్రాసుకున్నాడు. అన్న అపరాధానికి బదులుగా తన పదవులన్నీ వదలుకుంటానని తమ్ముడు విన్నవించుకున్నాడు. చివరకు చక్రవర్తి ప్రాణం నిలిపి, అతనిని యాంగ్‌త్సీ నది ఒడ్డున ఉన్న హ్వాంగ్‌జో అనే ఊరికి ప్రవాసం పంపాడు. పేరుకు ఒక పదవి ఉన్నది. రాజపత్రాలమీద సంతకం చేసే హక్కు మాత్రం లేదు.

1080లో హ్వాంగ్‌జో చేరిన సూ షీకి నలభై మూడేండ్లు. జీతం లేదు, కుటుంబం పెద్దది. నెలమొదట నాలుగువేల ఐదువందల నాణేలు తీసి, ముప్పది దండలుగా గ్రుచ్చి దూలానికి వ్రేలాడదీసేవాడు. ప్రతి ఉదయం కర్రతో ఒక్క దండ దించుకుని కర్రను దాచివేసేవాడు. ఆ దినానికి 150 నాణేలే వ్యయం. మిగిలినవి వెదురుగొట్టంలో వేసి, అతిథులు వచ్చినప్పుడు వాడేవాడు. ఈ వివరం అతడే మిత్రునికి లేఖలో వ్రాశాడు. 1081లో ఒక స్నేహితుని ప్రయత్నం వల్ల పాడుపడిన సైనికశిబిరపు నేల కొంత దొరికింది. రాళ్ళు ఏరి, ముళ్ళు నరికి, దున్ని పైరు వేశాడు. ఆ పొలం ఊరికి తూర్పున వాలుగా ఉండేది. దానినిబట్టి తనకు ‘దోంగ్‌పో’, అనగా తూర్పువాలు, అనే పేరు పెట్టుకున్నాడు. చీనా లోకం నేటికీ అతనిని ఆ పేరుతోనే పిలుస్తుంది.

అతనిలోని రెండవ విత్తనం మొలకెత్తినది ఇక్కడనే. తావో మందిరంలో 49 దినాలు తలుపు మూసుకుని సాధన చేశాడు. కొలది దినాలకొకసారి అన్‌గ్వో బౌద్ధాలయానికి వెళ్ళి, అగరువత్తి వెలిగించి, మౌనంగా కూర్చుని తన దోషాలను తానే వెదకుకునేవాడు. 1082లో ఎర్రకొండ క్రింద నదిలో పడవపై తిరుగుతూ రెండు ప్రసిద్ధమైన గద్యకావ్యాలు రచించాడు. మారేదృష్టితో చూస్తే సృష్టిలో క్షణమైనా నిలిచేది లేదనీ, మారని దృష్టితో చూస్తే నశించేదీ లేదనీ ఆ మొదటి రచనలోని భావం.

ఇంతవరకు చూస్తే పదవి పోయిన ఉద్యోగి ప్రకృతిలో ఓదార్పు వెదకుకున్నట్లు కనిపిస్తుంది. చీనా దేశంలో అట్టివారు అనేకులు. పదవిలో ఉన్నప్పుడు కన్ఫ్యూషియస్, పదవి పోయినప్పుడు లావోత్సు అన్నట్లు చాలామంది జీవితం సాగింది. పదవి దొరికితే లోకాన్ని ఉద్ధరించాలి, దొరకకపోతే తనను తాను తీర్చిదిద్దుకోవాలి అనేది కన్ఫ్యూషియస్ సంప్రదాయంలో కూడా అంగీకృతమైన మాటయే. అయితే సూ షీ విషయంలో ఒక సంఘటన ఈ సులభమైన విభాగాన్ని భంగపరుస్తుంది.

1082లో ఒక మిత్రుడు వచ్చి ఆ చుట్టుప్రక్కల పల్లెల దుస్థితి తెలిపాడు. పేదలు ఇద్దరు మగపిల్లలను, ఒక ఆడపిల్లను పెంచి, ఆపై పుట్టిన శిశువులను నీటిలో ముంచి చంపుతున్నారు. ఆ మాట విని సూ షీకి అన్నం సహించలేదు. తనకు అధికారం లేదు గనుక, సమీప మండలాధికారి అయిన జూ షౌచాంగ్‌కు లేఖ వ్రాశాడు. శిశుహత్యకు శిక్ష ఉన్నదని ప్రజలకు తెలియజేయడం, పేద తల్లిదండ్రులకు ధాన్యం, ధనం ఇప్పించడం అతడు సూచించిన ఉపాయాలు. పుట్టిన కొలది దినాలవరకు కాపాడగలిగితే, తరువాత చంపమన్నా తల్లిదండ్రులు చంపలేరని అతని నమ్మకం. హ్వాంగ్‌జోలో కూడా సంపన్నులు ఏటేటా చందా వేసుకునేట్లు ఒక సంఘం ఏర్పడింది. ఆ సొమ్ముతో బియ్యం, బట్టలు, దూది కొని ఇచ్చేవారు. లెక్కలు చూడడం అన్‌గ్వో ఆలయపు భిక్షువు బాధ్యత. తాను బీదవాడనైనా ఏటికి పదివేల నాణేలు ఇస్తానని సూ షీ వ్రాశాడు. దినానికి 150 నాణేలతో గడుపుకునేవానికి పదివేల నాణేలు అనగా రెండు నెలల భోజనానికి మించిన మొత్తం.

పదవి పోయినప్పుడు కర్తవ్యం కూడా పోయిందని అతడు భావించలేదు. దూలానికి వ్రేలాడే దండలు, నీటిలో మునిగే శిశువులు రెండూ ఒకే మనుష్యుని దృష్టిలో ఉన్నవి. తనకై కోరికను తగ్గించుకున్నవానికే ఇతరులకై ఇవ్వడానికి ఏదైనా మిగులుతుంది. అతని వైరాగ్యం కర్తవ్యానికి ఇట్లు మూలధనమైనది.

అధికారం తిరిగివచ్చినప్పుడు

లేనివాని వైరాగ్యాన్ని లోకం సులభంగా నమ్మదు. అందని పండు పుల్లన అనే సామెత ఉండనే ఉన్నది. కావున అసలైన పరీక్ష అందినప్పుడే జరుగవలసి ఉన్నది. సూ షీకి ఆ పరీక్ష కూడా వచ్చింది.

1084లో అతనికి హ్వాంగ్‌జో విడిచే అనుమతి లభించింది. త్రోవలో నాన్‌జింగ్‌లో, పదవి విరమించి ఉన్న పూర్వప్రత్యర్థి వాంగ్ అన్‌షీని కలుసుకున్నాడు. ఇద్దరూ పాతపగలు మరచి కవిత్వం గురించి, బౌద్ధం గురించి ముచ్చటించుకున్నారు. 1085లో చక్రవర్తి మరణించగా, రాజమాత పాలనలో సూ షీ పక్షంవారికి అధికారం వచ్చింది. 1086 నాటికి అతడు రాజశాసనాలు రచించే ఉన్నతపదవిలో ఉన్నాడు.

కొత్తమంత్రి సమా గ్వాంగ్ వాంగ్ అన్‌షీ విధానాలన్నింటినీ ఒక్కపెట్టున రద్దుచేయబూనాడు. తనను చెరసాలకు, ప్రవాసానికి పంపిన పక్షం ఓడిపోయిన ఆ సమయంలో సూ షీ సంతోషించవలసింది. కాని నిర్బంధసేవకు బదులు ధనం తీసుకునే పద్ధతివల్ల కొంత మేలు జరిగిందని మండలాలలో పనిచేసినప్పుడు అతడు కళ్ళారా చూశాడు. అందులోని దోషాలు తొలగించాలే గాని పద్ధతినే తీసివేయరాదని తనవారితోనే వాదించాడు. ప్రత్యర్థి చేసినదైనా మంచి మంచిదే అని చెప్పినందువల్ల రెండు పక్షాలకూ కానివాడైనాడు. విమర్శలు భరించలేక తానే కోరుకుని, 1089లో హాంగ్‌జోకు మండలాధికారిగా వెళ్ళాడు.

పదవిని పట్టుకుని వ్రేలాడేవాడు ఈ మాట అనలేడు. ప్రజల మంచిచెడ్డలు పట్టనివాడు అనవలసిన పనే లేదు. పట్టించుకుంటూనే పట్టువిడిచినవానికి మాత్రమే అది సాధ్యం. కర్తవ్యం, వైరాగ్యం ఒకదానికొకటి అవసరమయ్యే చోటు ఇదే.

హాంగ్‌జోలో ఆ ఏడు కరువు, రోగాలు వచ్చినవి. ఖజానాలో మిగిలిన రెండువేల దండల నాణేలకు తన సొంత బంగారం 50 తులాలవంటి చీనా తూనికలు చేర్చి అతడు రోగులకు చికిత్సాలయం నెలకొల్పాడు. నగరానికి త్రాగునీరు, పొలాలకు సాగునీరు ఇచ్చే పడమటి సరస్సు పూడిపోతూ ఉన్నది. పదహారు, పదిహేడేండ్ల క్రితం తాను అక్కడ పనిచేసినప్పుడు పదింట రెండుమూడు వంతులే నాచు ఉండగా ఇప్పుడు సగం కప్పిందనీ, మరి ఇరువదేండ్లకు సరస్సే ఉండదనీ చక్రవర్తికి నివేదించి, 1090లో పూడిక తీయించాడు. తీసిన మట్టితో సరస్సు నడుమ సుమారు మూడు కిలోమీటర్ల పొడవైన కట్ట వేసి, ఆరు వంతెనలు కట్టి, విరివిగా చెట్లు నాటించాడు. ‘సూ కట్ట’ అనే పేరుతో అది నేటికీ ఉన్నది. కవిత్వానికి ఆటపట్టయిన ఆ అందమంతా నీటిపారుదల పనిలో మిగిలిన మట్టికుప్పనుంచి పుట్టింది.

పేరు కోరని ఉపకారం

1093లో రాజమాత మరణించింది. మరుసటి ఏడు పాతపక్షం తిరిగి అధికారంలోకి వచ్చి సూ షీని దక్షిణకొసన ఉన్న హ్వేజోకు పంపింది. అప్పటి మంత్రి జాంగ్ దున్ యౌవనంలో అతనికి ప్రాణమిత్రుడు. హ్వేజోలో సూ షీ ఏ అధికారమూ లేని వృద్ధుడు. అయినా అతని చేతులు ఊరుకోలేదు. నాట్లకాలంలో రైతు వంగకుండా కూర్చుని బురదమీద జారుతూ పనిచేసుకునే చిన్న దోనెవంటి పీటను అతడు పూర్వం మరొక ప్రాంతంలో చూశాడు. దానిని ఇక్కడి రైతులకు పరిచయం చేయించాడు. ఊరివద్ద వంతెన కట్టడానికి రాజసభలో ధరించిన తన విలువైన నడికట్టును చందాగా ఇచ్చాడు.

ఆ వంతెన పని చూసినవాడు లోఫూ కొండపై నివసించే దెంగ్ షౌఅన్ అనే తావో విరాగి. మాటకారితనం లేని ఆ కొండవాసికి ఒళ్ళు వంచి ప్రాణులకు మేలుచేయడం ఇష్టమని సూ షీ అతనిని ప్రశంసించాడు. గ్వాంగ్‌జో, అనగా పూర్వం కాంటన్ అని ప్రసిద్ధమైన రేవుపట్టణంలో, సామాన్యజనం ఉప్పునీరు త్రాగి రోగాల పాలయ్యేవారు. మంచినీరు అధికారులకు, ధనికులకు మాత్రమే దొరికేది. ఇరువది లీ, అనగా సుమారు పది కిలోమీటర్ల దూరాన ఉన్న కొండ ఊటనుంచి వెదురుబొంగులను ఒకదానితో ఒకటి కలిపి నగరానికి నీరు తేవచ్చునని ఆ విరాగి ఉపాయం చెప్పాడు. సూ షీ 1096లో దానిని ఆ నగరాధికారి వాంగ్ గూకు లేఖలో వివరించాడు. ప్రతి బొంగుకు పెసరగింజంత రంధ్రం తొలిచి, వెదురుపుల్లతో బిగించాలని అందులో వ్రాశాడు. ఎక్కడ నీరు ఆగిందో ఆ పుల్లలు తీసి చూసి తెలుసుకోవచ్చును. మరమ్మతుకు స్థిరమైన ఆదాయం ఏర్పరచాలని కూడా సూచించాడు.

ఇదంతా వ్రాసి, ఈ ఆలోచన తననుంచి వచ్చినదని ఎవరికీ తెలియనీయవద్దని కోరాడు. తన పేరు వినబడితే శత్రువులు మంచిపనికే అడ్డుపడతారని అతని భయం. ఈ ఒక్క లేఖలో రెండు మార్గాలూ కలిసిపోయినవి. లోకాన్ని విడిచిన తావో విరాగి జనం దాహం గురించి ఆలోచించాడు. కన్ఫ్యూషియస్ ధర్మం చదివిన రాజోద్యోగి తన పేరు చెరిపివేసుకున్నాడు. పేరు వదలినందువల్ల పని ఆగలేదు సరికదా, పేరు వదలితేనే పని జరిగే స్థితి వచ్చింది.

విరాగి కన్నీరు

వైరాగ్యమంటే గుండె రాయి చేసుకోవడమని కొందరి భావం. సూ షీ జీవితం దానిని సమర్థించదు. 1084లో పసికందైన నాలుగవ కుమారుడు త్రోవలో చనిపోయినాడు. 1096లో హ్వేజోలో, ఆ బిడ్డ తల్లి, తనతో ప్రవాసానికి వచ్చిన జావోయున్ మరణించింది. ఆ దుఃఖాన్ని అతడు రచనలలో దాచుకోలేదు. ఎంత సాధన చేసినా తెగని మమత తనలో ఉన్నదని ఒప్పుకున్నాడు. అతడు సిద్ధపురుషుడు కాడు. మధువు మీద ఇష్టం, చతురోక్తి మీద వ్యామోహం అతనికి ఉండేవి. మాట అదుపులో ఉంచుకోలేక కష్టాలు కొనితెచ్చుకున్నమాట కూడా నిజం. ఆయువు పెంచే తావో సాధనలు ఎన్నో ప్రయత్నించినా అరవై నాలుగేండ్లకే మరణించాడు. అయినా అతని దుఃఖం ద్వేషంగా మారలేదు. బహుశా వైరాగ్యానికి సామాన్యులు ఆశించదగిన ఫలం ఇదే. కన్నీరు ఆగకపోవచ్చును. అది విషం కాకుండా ఉంటే చాలును.

1097లో అతనిని సముద్రం ఆవల ఉన్న హైనాన్ ద్వీపంలోని దాన్‌జోకు పంపారు. ఆ కాలంలో అది తిరిగిరాని చోటు. పెద్దకుమారునికి తన అంత్యక్రియల విషయం చెప్పి, చిన్నకుమారుడు సూ గ్వోను వెంటబెట్టుకుని వెళ్ళాడు. తమ్ముడు కూడా సముద్రానికి ఈవల ఉన్న లేజోకు ప్రవాసం వెళ్తూ త్రోవలో కలిశాడు. కొన్ని దినాలు ఇద్దరూ కలిసి ప్రయాణం చేసి, రేవులో విడిపోయినారు. తరువాత మళ్ళీ కలుసుకోలేదు.

ద్వీపంలో ప్రభుత్వగృహంనుంచి కూడా వెళ్ళగొట్టగా, స్థానికులు, విద్యార్థులు మట్టి మోసి, తాటిజాతి చెట్ల క్రింద అతనికి కుటీరం కట్టిపెట్టారు. అక్కడ అతడు చేసిన పనులు రెండు. కన్ఫ్యూషియస్ సంప్రదాయపు ప్రాచీనగ్రంథాలకు తాను చిరకాలంగా వ్రాస్తున్న వ్యాఖ్యలను పూర్తిచేశాడు. దానితోపాటు, ఏడువందల ఏండ్ల క్రిందటి కవి తావో యువన్‌మింగ్ పద్యాలకు అదే అంత్యప్రాసలతో బదులు పద్యాలు వ్రాశాడు. 405లో చిన్న ఉద్యోగంలో చేరి, కొద్దిపాటి జీతపు బియ్యం కొరకు పై అధికారికి నడుము వంచలేక, ఎనభై చిల్లర దినాలకే విడిచి పొలానికి మరలిపోయిన కవి ఇతడు. అట్టి పద్యాలు నూటికి పైగా ఉన్నవి. ఉదయం ధర్మగ్రంథం, సాయంకాలం విరాగికవి అన్నట్లు రెండు ధారలూ ఆ కుటీరంలో ప్రవహించినవి. అక్కడి యువకులకు చదువు చెప్పాడు కూడా. హైనాన్‌నుంచి రాజధాని మహాపరీక్షలో ఉత్తీర్ణుడైన మొదటి వ్యక్తి దాన్‌జో వాసియే. అది 1109లో, సూ షీ మరణించిన ఎనిమిదేండ్లకు జరిగింది.

చివరి లేఖ

1100లో కొత్త చక్రవర్తి క్షమాభిక్ష ఇవ్వగా సూ షీ ఉత్తరానికి బయలుదేరాడు. ఈలోగా కాలచక్రం తిరిగి, అతనిని ద్వీపానికి పంపిన మంత్రి జాంగ్ దున్ తానే లేజోకు ప్రవాసం వెళ్ళాడు. సూ షీ మళ్ళీ ఉన్నతపదవిలోకి వస్తాడని లోకం అనుకుంటున్నది. పగ తీర్చుకుంటాడేమోనని భయపడి జాంగ్ దున్ కుమారుడు అతనికి లేఖ వ్రాశాడు. 1101లో, వ్యాధితో ఉన్న సూ షీ దానికి బదులు వ్రాశాడు. మంత్రితో తన స్నేహం నలభై ఏండ్లకు మించినదనీ, నడుమ దారులు వేరైనా ఆ స్నేహం తగ్గలేదనీ, వృద్ధుడైన తండ్రికి ఆ దూరదేశంలో ఆరోగ్యం ఎట్లు కాపాడుకోవాలో చెప్పమనీ అందులో ఉన్నది. అక్కడి వాతావరణాన్ని అనుభవించినవాడు గనుక మందులు, జాగ్రత్తలు కూడా తెలిపాడు. ఆ తరువాత కొలది కాలానికే చాంగ్‌జోలో కన్నుమూశాడు.

ఆ చివరి ఏడే తన చిత్తరువు చూసి అతడు ఒక చిన్న పద్యం వ్రాశాడు. జీవితంలో తాను సాధించినదేమిటని ప్రశ్నించుకుని, మూడు ఊళ్ళ పేర్లు చెప్పుకున్నాడు. రాజధాని లేదు. వరదను ఆపిన షూజో లేదు. సరస్సును కాపాడిన హాంగ్‌జో లేదు. ఉన్నవి హ్వాంగ్‌జో, హ్వేజో, దాన్‌జో. మూడూ ప్రవాసస్థలాలే. అందులో కొంత నవ్వు ఉన్నది, కొంత నిజం కూడా ఉన్నది. అధికారం ఉన్నప్పుడు చేసిన మేలులో కొంత వంతు అధికారానిది. ఏదీ లేనప్పుడు చేసినది మాత్రమే పూర్తిగా మనుష్యునిది.

రేవు అడిగిన శిష్యునికి ఏకాంతవాసులు త్రోవ చూపలేదు. నది ఒడ్డున గాలం వేసిన జ్ఞాని రాజమందిరానికి రాలేదు. సూ షీ బురదలోనే ఉన్నాడు, ఆ బురదలోనే రేవు ఎక్కడో పదిమందికి చూపుతూ ఉన్నాడు. విడువవలసినవి పదవి, పేరు, పగ. విడువరానిది తోటిమానవుడు. ఏది విడువాలో, ఏది విడువరాదో తెలిసినవానికి సంసారమైనా, ప్రవాసమైనా ధర్మక్షేత్రమే.